అంకుల్ ఎత్తగలిగే బ్యాటరీ

మౌంట్ రాస్కిల్‌లో నేను అద్దెకుండే ఇంటి పై అంతస్తులో ఓనర్ అంకుల్, ఆంటీ ఉంటారు. అంకుల్‌కి ఒక చిన్న అల్యూమినియం పడవ ఉంది. ఆయనతో చేపలకు వెళ్లే స్నేహితుడు క్రైస్ట్‌చర్చ్‌కి మారిపోయాడు. తర్వాత అంకుల్‌కి మోకాలి ఆపరేషన్ అయింది. ఏడాదిగా పడవ గ్యారేజీ దాటలేదు. డాక్టర్ ఇక తిరగొచ్చన్న వారమే ఆయన పడవకు చిన్న కరెంటు మోటారు కొన్నారు. ఆంటీ షరతు పెట్టారు: ఎవరి సాయం లేకుండా అన్నీ ఆయనే చేసుకోగలిగితే ఒంటరిగా వెళ్లొచ్చు. లేదంటే పడవ అమ్మేయాలి.

మోటారుకు బ్యాటరీ ఎంచే పని నాకు అప్పగించారు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని, కూరగాయలకు వెళ్లినా పట్టిక రాసుకునే రకం. నాలుగు రోజుల్లో పద్నాలుగు నిలువు వరుసల పట్టిక తయారైంది. ఎదురుగాలికి కూడా ఒక వరుస ఉంది.

అంకుల్ ల్యాప్‌టాప్ వంక చూసి నవ్వారు.

"గివన్నీ ఎందుకు బిడ్డా? ఇన్వర్టర్ బ్యాటరీ అసుంటిది తెద్దాం. హనుమకొండల మా ఇంట్ల పన్నెండేండ్లు నడిచింది. నేనే నీళ్లు పోసిన. నాకే బ్యాటరీ సంగతి చెప్తవా?"

"అది సీసంది అంకుల్. సగం దాకానే వాడాలి, మించితే తొందరగా పాడవుతుంది. లిథియం అయితే దాదాపు మొత్తం వాడుకోవచ్చు."

"ధర?"

చెప్పాను.

"సీసమే మంచిది" అన్నారు.

వంటింట్లోంచి ఆంటీ అడిగారు. "సీసంది ఎంత బరువుంటది?"

"ఇరవై ఎనిమిది కేజీలు ఆంటీ."

"ఛార్జింగ్ ఏడ పెడ్తరు?"

"పైన ఇంట్లోనే. గ్యారేజీలో ప్లగ్ లేదు కదా."

"అంటే మెట్లు ఎక్కాలె, దిగాలె" అన్నారు ఆంటీ, అంకుల్ వైపు తిరిగి. "కారుల ఇరవై కేజీల బియ్యం బస్తా ఉన్నది. అది పైకి తెండి. బ్యాటరీ ముచ్చట తర్వాత."

అంకుల్ హుషారుగా దిగారు. బస్తా మూడో మెట్టు దాకా వచ్చింది. అక్కడ దాన్ని దించి, జేబులోంచి ఫోన్ తీసి "హలో" అన్నారు. ఫోన్ మోగడం మాకెవరికీ వినపడలేదు.

ఆంటీ నన్ను చూశారు. "నీ లిస్టుల గిది రాసుకున్నవా ఇంజనీర్ సాబ్?"

బరువు నా పట్టికలో పదకొండో వరుసలో ఉంది. పడవ మోయగలదా అని లెక్క కట్టాను. మనిషి సంగతి నాకు తట్టలేదు. పడవను కారు ట్రైలర్ మీద లాక్కుపోతుంది, బ్యాటరీని మాత్రం అంకులే మోయాలి. మిగతా పదమూడు వరుసలు చెరిపేశాను. లిథియం పన్నెండు కేజీలు. ధర గురించి అంకుల్ మళ్లీ అడగలేదు.

ఆ శనివారం సరస్సు ఒడ్డున ఆంటీ, నేను నిలబడి చూశాం. అంకుల్ లైఫ్ జాకెట్ వేసుకుని, బ్యాటరీ బిగించుకుని ఒక్కరే వెళ్లారు. నా లెక్క ప్రకారం నాలుగు గంటలు తిరగొచ్చు. ఆయన మా కంటిముందే గంటసేపు గుండ్రంగా తిరిగి వచ్చేశారు.

బ్యాటరీ పట్టీ పట్టుకుని ఎత్తుతుంటే నా చేయి దానంతటదే ముందుకెళ్లింది. ఆంటీ నా చొక్కా పట్టుకుని ఆపారు. ఆయన ఒక్కో అడుగు చూసుకుంటూ గట్టెక్కారు, బ్యాటరీని డిక్కీలో పెట్టారు, కాసేపు కారుకు ఆనుకుని నిలబడ్డారు. ఆంటీ అప్పుడు వదిలారు నా చొక్కా.

"సాబ్, నువ్వు చేపల బకెట్ తీస్కరా" అని అరిచారు అంకుల్.

బకెట్‌లో నీళ్లు తప్ప ఏమీ లేవు. రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకొచ్చాను.