మేనత్త చెయ్యి

మొన్న గుడివాడ పెళ్లిలో మా అన్నయ్య ఆ మాట మళ్లీ అన్నాడు: "మా మేనత్త చెయ్యి తగిలితే పచ్చని చెట్టయినా మోడైపోయేది." పంక్తిలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

చిన్న వయసులోనే భర్త పోయి, ఆవిడ బందరులో మా ఇంటికి వచ్చేసింది. బియ్యం కడిగిన నీళ్లు పెరట్లోని మామిడిచెట్టుకే పోసి, దాని మొదలు చుట్టూ మట్టిని వేళ్లతో గుల్ల చేసేది. జ్వరమొచ్చినా మానేది కాదు.

వానాకాలం పెరట్లో నీళ్లు నిలుస్తున్నాయని అన్నయ్యా నేనూ ఎడ్లబండ్లతో కాలవ మట్టి తోలించి మెరక చేశాం. మామిడి మొదలు మోకాలెత్తున పూడిపోయింది. ఆవిడ చేతులతోనే ఆ మట్టి తోడి అవతల పోసింది.

"ఒరేయ్, పీకదాకా పూడ్చేశార్రా! దానికి ఊపిరెలా ఆడుతుంది?"

"చెట్టుకి ముక్కెక్కడుంది అత్తయ్యా?" అన్నాడు అన్నయ్య.

ఆవిడ తోడేది, మేం పూడ్చేవాళ్లం. చివరికి మొదలు చుట్టూ సిమెంటు గచ్చు చేయించేశాం. మరుసటి వేసవికల్లా చెట్టు నిలువునా ఎండిపోయింది.

"విధవ చెయ్యి రోజూ తగిలితే బతుకుతుందా?" అంది పక్కింటావిడ. అన్నయ్య తలూపాడు. నేనూ కాదనలేదు.

ఆ తర్వాత ఆవిడ ఏ మొక్కనూ ముట్టలేదు. తులసికోట దగ్గర కూడా చేతులు కొంగులో దాచుకుని నిలబడేది.

"చెట్టును చంపింది మనం పోయించిన మెరక" అన్నాను పంక్తిలో అందరికీ వినబడేలా.

"పోయినావిడ వింటుందా ఏమిట్రా, ఇప్పుడెందుకు గొడవ?" అన్నాడు అన్నయ్య.

"బతికున్నన్నాళ్లూ విందిగా! వినే కదా చేతులు దాచుకుంది!"