తోలు లేని చావు

గొర్రె చస్తే చాలదు, చచ్చిందని తోలు సాక్ష్యం చెప్పాలి. అరసికెరె చుట్టుపక్కల ఒకరి గొర్రెలు మేపేవాళ్ళకి అదే చట్టం. తోలు తెచ్చి యజమాని ముందర పరిస్తే నమ్మకం, లేకపోతే అమ్ముకు తిన్నట్టే. మీసం మొలిచినప్పటి నుంచీ కాటప్ప ఆ ఊరి జయరామప్ప మందను మేపుతున్నాడు. ఏనాడూ తోలు చూపించకుండా లేడు.

ఆ చట్టమే అతని పెళ్ళాన్ని మింగింది. వానలు మొహం చాటేసిన ఒక ఏడు, ముక్కుల్లోంచి నల్లటి నెత్తురు కారి చచ్చిన గొర్రెకి దాసమ్మ తోలు తీసింది. చేతిమీద నల్లటి పుండు లేచింది. వారం తిరక్కముందే పోయింది. పావగడ నుంచి వచ్చిన పశువుల డాక్టరు అప్పుడు చెప్పాడు.

"ఇది దొమ్మరోగమప్పా. ఇట్ల చచ్చినదానికి కత్తి తగలనీయొద్దు. తోలుతోనే లోతుగా పూడ్చి సున్నం పోయాల. ఆ మన్ను మళ్ళా కదిలించొద్దు. ఏండ్లు గడిచినా దాంట్లో విషం చావదు."

డాక్టరు బదిలీ అయి పోయాడు. కాటప్ప మాత్రం గుడిసెలో ఒక సున్నం మూట తెచ్చి పెట్టుకున్నాడు. పిల్లాజెల్లా లేని కొంప. మాట్లాడదామంటే గొర్రెలే దిక్కు.

మళ్ళీ శెనక్కాయ చేలు ఎండిపోయిన ఏడు, గుట్ట కింద మేస్తున్న పెద్ద పొట్టేలు ఉన్నట్టుండి కూలింది. ముక్కుల్లో అదే నెత్తురు. ఊళ్ళోకి పోయి యజమానిని పిలుచుకొద్దామంటే కుక్కలు అప్పటికే కాచుకున్నాయి. మందను దూరంగా తోలి, పక్కనే ఉన్న గుడిసెలోంచి సున్నం మూట మోసుకొచ్చి, ఒక్కడే నిలువులోతు గొయ్యి తవ్వాడు. పొట్టేలును తోలుతోనే దించి, నెత్తురు పడిన మన్ను కూడా గీకి వేసి, సున్నం పోసి పూడ్చాడు. పైన రాళ్ళూ కంపా పేర్చాడు. చేతులు తోముకుంటుంటే దాసమ్మ గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది. చూసేవాళ్ళు ఎవరున్నారని ఆపుకోవాలి?

పోయి సంగతి చెప్తే జయరామప్ప వింటేగా!

"తోలు యాడప్పా?"

"దొమ్మ తగిలింది సామీ. తీయకూడదు. పూడ్చినాను."

"సంతలో అమ్మేసి నాకే కతలు చెప్తాండావా? పద, తవ్వి చూద్దాం."

జీతగాడు బోరన్న పార భుజాన వేసుకుని వెంట వచ్చాడు. కాళ్ళకి చెప్పులైనా లేవు. కంప లాగేశాడు, రాళ్ళు దొర్లించాడు. కాటప్పకి ఆశ పుట్టింది. తవ్వితే పొట్టేలు కనబడుతుంది, తన మాట నిలబడుతుంది. తవ్వనీ అనుకున్నాడు.

"ఉంటే ఆ తోలేదో నేనే తీసిస్తాలే సామీ," అని బోరన్న పార ఎత్తాడు.

దాసమ్మ చేతిమీది నల్లటి పుండు కళ్ళముందు మెదిలి కాటప్ప అడ్డం పడ్డాడు.

"తవ్వొద్దు బోరన్నా. ఆడ ఏమీ లేదు. పొట్టేలును నేనే అమ్ముకున్నాను."

జయరామప్ప థూ అని ఉమ్మేసి, ఆ సాయంత్రమే మందను తోలించుకుపోయాడు. ఆ తర్వాత ఎవరూ అతనికి గొర్రెపిల్లనైనా అప్పగించలేదు. శెనక్కాయ కూలికి పోతే మూటల దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటే ఇదే. అయినా ఏటా వానలకి ముందు పోయి ఆ గోతిమీద కొత్త కంప వేసి వచ్చేవాడు. దొంగసొత్తుకి కాపలా కాస్తున్నాడని ఊరంతా నవ్వేది.

అందరికంటే గట్టిగా నవ్వేది బోరన్నే. వాడు నవ్వుతుంటే కాటప్పకి కడుపు రగిలేది, ఆ వెంటనే నిమ్మళంగానూ ఉండేది. వాడు బతికే ఉన్నాడు కదా. ఆ మాట చెప్పుకుందామంటే ఇంట్లో మనిషి లేదు.