సూర్యుణ్ణి కట్టిన సవరం

మూడో తరగతి గదిలో ప్రతిమకి ఒక చిన్న కుర్చీ ఉండేది. చిన్నదంటే మాట వరసకి కాదు, పిల్లలు కూర్చునేదే. దోహాలో, మదీనత్ ఖలీఫా పక్కన ఉన్న ఆ న్యూజిలాండ్ పద్ధతి ప్రైమరీ స్కూల్లో అసిస్టెంట్లకి పెద్ద కుర్చీలు వేసే ఆనవాయితీ లేదు. రాజమండ్రిలో బి.ఇడి. చేసి, అక్కడి బళ్లో పాఠాలు చెప్పి వచ్చిన మనిషి ఇక్కడ ఏళ్ల తరబడి పెన్సిళ్లు చెక్కింది, ముక్కులు తుడిచింది, బూట్ల లేసులు కట్టింది. ఆ పనులు తక్కువవని ఆమె ఎన్నడూ అనుకోలేదు. కానీ పాఠం చెప్పడమే తన పని అన్న సంగతి ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

మే నెలాఖరులో క్లాస్ టీచర్ కాలు విరిగి మంచమెక్కింది. వచ్చే ఏడాది ఆవిడ ఎలాగూ స్వదేశం వెళ్లిపోతోంది. ఆదివారం పొద్దున, వారం మొదలవుతూనే, హెడ్ టీచర్ అరోహా ప్రతిమని గదికి పిలిపించింది. అరోహా మావోరీ మనిషి. న్యూజిలాండ్ గడ్డ మీద తెల్లవాళ్లకంటే ఎంతో ముందునుంచీ ఉన్న జాతి. పిల్లల దగ్గర ఎంత నవ్వుతుందో టీచర్ల దగ్గర అంత ముక్కుసూటిగా ఉంటుంది.

"ఇది మావోరీ కథల వారం. క్లాసు నీ చేతిలో పెడుతున్నాను," అంది. "గురువారం తల్లిదండ్రులొస్తారు. వాళ్ల ముందు కథ నువ్వే చెప్పాలి. అది చూశాక వచ్చే ఏడాది ఈ క్లాసు ఎవరికివ్వాలో తేలుస్తాను."

ఆ మాట ఫోన్లో చెబితే భర్త నిరంజన్, "ఎవర్నో బయటినుంచి తెచ్చుకుంటార్లే. అనవసరంగా ఆశ పెట్టుకోకు," అన్నాడు. ఆయన మంచివాడే, నీళ్లు చల్లడంలో మాత్రం ఆరితేరినవాడు.

"ఆశ కాదండీ, పని పెట్టుకున్నాను," అని ప్రతిమ ఫోన్ పెట్టేసింది.

కథ బాగానే ఎంచుకుంది. పూర్వం సూర్యుడు ఒక్క పరుగున ఆకాశం దాటేసేవాడట. ఆరేసిన వల ఎండేలోపే చీకటి పడేదట. మావుయి అనే వీరుడు అన్నలతో కలిసి తాళ్లు పేని, సూర్యుడు పైకొచ్చే గుంత దగ్గర ఉచ్చు పన్ని పట్టుకున్నాడు. ఇకనుంచి నెమ్మదిగా నడుస్తానని ఒప్పుకునేదాకా వదల్లేదు. ప్రతిమ చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ చెప్పింది. పిల్లలు గుడ్లప్పగించి విన్నారు. చివర్లో హైదరాబాద్ అమ్మాయి మెహర్ సుల్తానా చెయ్యెత్తింది.

"మిస్, మావుయి తప్పు చేశాడు. సూర్యుణ్ణి ఇంకా ఎందుకు ఉంచాలి? తొందరగా పొమ్మని తోసెయ్యాలి!"

క్లాసంతా గొల్లుమంది. నిజమే మరి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. జారుడుబల్ల ముట్టుకుంటే చెయ్యి కాలుతుందని ఆటస్థలానికి తాళం వేసి చాలా రోజులైంది. ఈ ఊళ్లో సూర్యుణ్ణి ఆపినవాణ్ణి వీరుడంటే ఏ పిల్ల ఒప్పుకుంటుంది? ఇంకెవరైనా అయితే మర్నాటికి వేరే కథ వెతుక్కునేవాళ్లు. ప్రతిమకి పంతం వచ్చింది.

సాయంత్రం అత్తగారు భానుమతి ఈ వైనమంతా విని పకపకా నవ్వారు. "ఆ పిల్లన్నదాంట్లో తప్పేవుందే? ఈ ఎండలో పొద్దు ఎప్పుడు వాల్తుందా అని నేనూ కిటికీలోంచి చూస్తూనే ఉంటాను."

"మీకు ఒక్కనాడైనా పొద్దు ఇంకాసేపు ఉంటే బాగుండు అనిపించలేదా అత్తయ్యా?"

"అనిపించకేం? మీ పెళ్లినాడు అనిపించింది," అన్నారు.

సోమవారం ప్రతిమ అదే ప్రశ్న పిల్లల్ని అడిగింది. ఏ రోజు అయిపోకుండా ఉంటే బాగుంటుంది? ముందుగా మెహర్ మెల్లిగా, "శుక్రవారం," అంది. వాళ్ల నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో వర్క్‌షాప్ మేనేజర్. వారమంతా ఆయన ఇంటికొచ్చేసరికి ఆమె నిద్రపోతుంది. దొరికేది ఆ ఒక్క శుక్రవారమే. నమాజు, భోజనం, ఆయన ఒక కునుకు తీసేసరికి అదీ అయిపోతుంది. ఇక ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తారు. అందరిదీ శుక్రవారమే.

"అయితే మనం శుక్రవారం సూర్యుణ్ణి పట్టుకుందాం," అంది ప్రతిమ. "ఎవరి కోసం ఆపాలో వాళ్ల పాతబట్ట ఒకటి తీసుకురండి."

మంగళవారం గదినిండా బట్టలే. నాన్న తలకి చుట్టుకునే గుత్రా, అమ్మ దుపట్టా, అన్నయ్య ఫుట్‌బాల్ చొక్కా. మెహర్ తెచ్చిన నీలం డ్యూటీ చొక్కాకి ఇంకా గ్రీజు వాసన పోలేదు. వాటిని పేలికలు చేసి మూడు పాయల జడ అల్లడం నేర్పింది ప్రతిమ. జడలల్లడం ఆడపిల్లల పనని బిగుసుకున్న మగపిల్లలు, అది సూర్యుడి ఉచ్చు అనగానే ఎగబడి అల్లారు.

ఇంకో సంగతి మిగిలింది. ఈ కథ చెప్పేవాళ్లలో కొందరు, మామూలు తాళ్లు కాలిపోతే మావుయి సోదరి జుట్టుతో పేనిన తాడే చివరికి నిలిచిందంటారు. ఆ మాట ఇంట్లో అనడమే ఆలస్యం, భానుమతి లేచి పెట్టె తెరిచి సవరం తీశారు. రాలిన జుట్టంతా ఏళ్లపాటు దాచి కట్టించుకున్న, మోకాళ్లు దాటే నల్లటి సవరం. తన పెళ్లి పూలజడకి పెట్టుకున్నారు, కోడలి పెళ్లి జడకీ పెట్టారు.

"పట్టుకెళ్లు. ఇప్పుడు నా తలకి అది బరువు," అన్నారు. "సూర్యుణ్ణి కట్టావంటే నాకూ పేరే కదా!"

బుధవారం ఆ సవరమే కొంప ముంచింది. తాళ్లు ముడివేసే తొందరలో ప్రతిమ దాన్ని చేతికందిన బల్ల మీద పెట్టింది. అది పిల్లల టిఫిన్ బాక్సులు పెట్టే బల్ల. సరిగ్గా అప్పుడే అరోహా లోపలికొచ్చింది. కేక వెయ్యలేదు. వేసినా బాగుండేది.

"మా వాళ్లకి తల పవిత్రం. తలకి సంబంధించినదేదీ తిండి దగ్గర పెట్టం, దువ్వెనైనా సరే. మా కథ నీ చేతికిచ్చింది ఇందుకా?" అంది. "రేపు కథ నేనే చెబుతాను. నువ్వు తాళ్లు చూసుకో."

ప్రతిమకి తల కొట్టేసినట్టయింది. తెలియక చేసిన తప్పయితే ఇంత బాధ ఉండేది కాదు. బల్ల కడిగింది. సవరాన్ని తెల్లబట్టలో చుట్టి పై అరలో విడిగా పెట్టింది. బడి వదిలాక ఎవరూ పిలవకుండానే అరోహా గదికి వెళ్లింది.

"తప్పు నాది. మా ఇంట్లో ఈ పనే చేస్తే మా అత్తగారు ఆ పూట అన్నం ముట్టరు. తెలిసుండీ తొందరలో చేశాను. కానీ కథ నన్నే చెప్పనివ్వండి."

"నేను వద్దన్నాక కూడానా?"

"ఆ మాట వెనక్కి తీసుకోమని అడగడానికే వచ్చాను. మీరు ముందు వరసలో కూర్చోండి. నేనెక్కడ తప్పినా చెయ్యెత్తండి. అక్కడే ఆపేస్తాను. మిగతాది మీరు చెప్పండి."

"ఎత్తుతాను," అంది అరోహా. అది ఒప్పుకోవడమో బెదిరించడమో ప్రతిమకి తెలియలేదు. రెండూ కలిపే తీసుకుని ఇంటికెళ్లింది.

గురువారం హాలు నిండింది. మెహర్ నాన్న కంపెనీ నుంచి పర్మిషన్ తీసుకుని డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. "శుక్రారం ఎట్ల వస్తదో ఎట్ల పోతదో నాకూ సమజైతలేదు మేడం," అని సిగ్గుపడుతూ వెనక కూర్చున్నాడు. ఆయన పక్కనే పట్టుచీరలో భానుమతి. హాలు ముందు వైపు చక్రాల బండి మీద పసుపుగుడ్డ చుట్టిన పెద్ద బంతే సూర్యుడు.

ప్రతిమ కథ ఎత్తుకుంది. మొదట ఒక మాట తడబడినా, తర్వాత దారిలో పడింది. పిల్లలు తాళ్లు విసిరారు, సూర్యుడు తప్పించుకున్నాడు. ఆమె తెల్లబట్ట విప్పి సవరం తీసి, ఉచ్చు కొసకి ముడివేసింది.

"అప్పుడు మావుయి తన సోదరి జుట్టు తెచ్చి..."

అరోహా చెయ్యి లేచింది.

ప్రతిమ ఆగిపోయింది. ఒప్పందం ఒప్పందమే. తన పని అయిపోయిందనుకుంది.

"జుట్టిచ్చిన మనిషికి పేరు లేదా?" అని అడిగింది అరోహా.

పేరు ప్రతిమకి తెలుసు. వీరుడి హడావుడిలో దాటేసింది. "ఉంది. హినా," అంది. ఇక అక్కడ ఆగబుద్ధి కాలేదు. "ఈ జుట్టు మా అత్తగారిది. ఆవిడ పేరు భానుమతి."

"ఈ నీలంది మా అబ్బాది! ఖాదర్ మొహియుద్దీన్!" అని నాన్న వైపు చెయ్యి చూపి అరిచింది మెహర్. అంతే, తాడు పొడవునా పేర్లే పేర్లు. అరోహా లేచొచ్చి తాడు కొస పట్టుకుంది. "చెప్పు, కథ నీదే," అంది. అందరూ లాగారు. సూర్యుడు ఆగాడు. వెనక ఖాదర్ వాచీ చూసుకుని, లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

జనం కదులుతుంటే అరోహా సవరాన్ని స్వయంగా తెల్లబట్టలో చుట్టి, రెండు చేతులతో భానుమతికి ఇచ్చింది. తర్వాత ప్రతిమ వైపు తిరిగింది. "వచ్చే ఏడాది ఈ క్లాసుకి ఈ కథ చెప్పేటప్పుడు జుట్టిచ్చినావిడ పేరు మర్చిపోకు. ఆదివారానికి నీకు పెద్ద కుర్చీ వేయిస్తాను."

ప్రతిమ కళ్లు నిండిపోయాయి. భానుమతికి ఆ ఇంగ్లీషు అంతుపట్టలేదు.

"ఏవంటుందే ఆవిడ?"

"క్లాసు నాకే ఇచ్చారు అత్తయ్యా," అంది ప్రతిమ. "మీ పేరు మర్చిపోవద్దంటున్నారు."