పుట్టింటి ఆవు

కరోనా తగ్గిన మరుసటి ఏడు నన్ను ఆళ్లగడ్డ దగ్గరి ఒక ఆరోగ్య ఉపకేంద్రానికి ఏఎన్ఎంగా బదిలీ చేశారు. పదవీ విరమణకు ముందు అదే నా ఆఖరి చోటు. చిన్నప్పుడు బడికి పోలేదు. మా అమ్మ దగ్గర ఇంట్లోనే చదువుకొని, ప్రైవేటుగా పదో తరగతి రాసి, నర్సు శిక్షణ పొంది ఈ కొలువుకు వచ్చాను. అందుకు ప్రభువుకు ఇప్పటికీ రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

కాన్పు తర్వాత బాలింత ఇంటికి వెళ్లి బిడ్డను తూచడం, టీకాలు చూడటం, ప్రమాద సూచనలుంటే పెద్దాసుపత్రికి పంపడం మా విధులు. అలా నాగమణి ఇంటికి వెళ్లాను. ఒళ్లో రెండు నెలల ఆడపిల్ల. బుగ్గల మీద ఎర్రగా గరుకు పొక్కులు. తాగిన పాలు కక్కుతోంది. విరేచనంలో జిగురు, దాంతోపాటు నెత్తుటి చారలు. బరువు పెరగలేదు.

నాగమణి అత్త ఈశ్వరమ్మ నాకంటే ముందే తీర్పు చెప్పేసింది.

"దీని పాలే బిడ్డకు పడ్డంలేదు నర్సమ్మా. ముందు పిల్లోనికీ ఇంతే. ఈసారి ముందే మాన్పిస్తాన్నాం."

మొదటి మగబిడ్డ ఇవే బాధలతో ఏడాది నిండకముందే పోయాడు. కూతురికి కాన్పయితే పాడి ఆవును తోలడం నాగమణి పుట్టింటి ఆచారం. అప్పుడు వాళ్ల నాయన తోలిన ఆవు ఇంకా కొట్టంలోనే ఉంది. ఆ పిల్లవాడికి తల్లిపాలు మాన్పించి ఆ ఆవుపాలే పట్టారట. ఈ పిల్లకూ ఉగ్గుగిన్నెతో పడుతూనే ఉన్నారు.

"నా పాలు ఇసమంట," అంది నాగమణి, తల ఎత్తకుండా.

రొమ్ము మాన్పించవద్దని గట్టిగా చెప్పి, వాళ్లను వెంటబెట్టుకొని నంద్యాలలో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన పరీక్షలు చేయించి, విరేచనంలో క్రిములేవీ లేవని తేల్చుకున్నాక, ఇది ఆవుపాల అలర్జీ కావచ్చన్నారు. ఆవుపాలలోని మాంసకృత్తులను కొందరు పసిపిల్లల ఒళ్లు శత్రువుగా భావించి ఎదురు తిరుగుతుందట. ఇది పాలు అరగకపోవడం కాదు. గేదెపాలు, మేకపాలు పట్టినా సాధారణంగా అంతే. తల్లిపాలు బిడ్డకు మంచివే గానీ, తల్లి తిన్నదాంట్లోంచి ఆ మాంసకృత్తులు కొంచెం చేరవచ్చు. కాబట్టి బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దని, నాగమణి కూడా పాలతో చేసినవన్నీ మానాలని చెప్పి, ఆమెకు కాల్షియం బిళ్లలు రాశారు.

కక్కడం తగ్గింది. పొక్కులు కొంత మానాయి. కానీ నెత్తురు ఆగలేదు. పాలు తాకడం లేదని ఇంటిల్లిపాదీ ఒట్టేశారు. ఈశ్వరమ్మ మళ్లీ రొమ్ము మాన్పించే మాట ఎత్తింది. బిడ్డ అప్పటికే పాలిపోయి ఉంది.

ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి నాగమణి సంగటి తింటోంది. పళ్లెం నిండా మజ్జిగ.

"మజ్జిగ పాలేందమ్మా?" అని నా మీదికి లేచింది ఈశ్వరమ్మ. "వెన్న తీసినాక మిగిలేది నీళ్లే గదా! ప్యాకెట్ పాలు తాగే ఆ డాక్టరుకు పాడి గురించి ఏం తెలుసు?"

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వెన్న తీసినా ఆ మాంసకృత్తులు మజ్జిగలోనే ఉంటాయని విడమరిచి చెప్పాను. ఆమె మొండిది, అబద్ధాలకోరు కాదు. ఆ పూట నుంచి మజ్జిగ ఆపేసింది. కొన్ని వారాలకు నెత్తురు ఆగింది, పిల్ల బరువు పెరగసాగింది. ఎక్కువమంది పిల్లలకు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుందనీ, అయితే తన ఎదుట తప్ప మళ్లీ పాలు పట్టి చూడవద్దనీ డాక్టరుగారు చెప్పారు.

ఆ రోజు కాటా మీద పిల్లను చూసి ఈశ్వరమ్మ సంతోషపడుతుందనుకున్నాను. ఆమె అరుగు మీద కూలబడింది.

"అయితే పిల్లోడు కూడా ఇట్లనే పోయినాడా నర్సమ్మా? వాళ్ల తల్లి ఏడుస్తాన్నా ఇనకుండా నా చేత్తోనే ఆవుపాలు పోస్తి గదా."

నాగమణి వాకిట్లోనే నిలబడి వింది. అత్తను ఓదార్చలేదు. పిల్లను ఎత్తుకొని లోపలికి పోయి పాలిచ్చుకుంది.

కావచ్చు, కాకపోవచ్చు, చూడని బిడ్డ గురించి చెప్పలేనన్నాను. అది నిజం. ఆ నిజంతో వాళ్లిద్దరిలో ఎవరికీ ఊరట కలగలేదు.

ఆ తర్వాత ఏ ఇంట్లోనూ పాలు మానారా అని అడిగి ఊరుకోలేదు. పెరుగు, మజ్జిగ, నెయ్యి, టీ, ఒక్కొక్కటీ పేరు పెట్టి అడిగాను. బిడ్డకు బాగోలేకపోతే తల్లిపాలను తప్పుపట్టే ముందు ఇంట్లో బిడ్డకు ఇంకేం పడుతున్నారో చూడాలి. బిడ్డ చావుకు ఊహతో కారణం చెప్పకూడదు.