అత్తర్లు అమ్మేవారి కూతురు

వనపర్తిలో ఇంటర్ చదివే రోజుల్లో నాకు కెమిస్ట్రీ ల్యాబ్ వాసనలంటే పిచ్చి. తలుపు తీయగానే స్పిరిట్ దీపం, తడి సున్నం, ఎక్కడో ఒలికిన యాసిడ్ అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. అమ్మోనియా నెత్తికెక్కి కళ్లల్లో నీళ్లు తెప్పించేది. అయినా ఇంకోసారి పీల్చేదాన్ని. గంధకం వాసనలో కూడా ఒక దర్జా ఉందని అందరితో వాదించేదాన్ని.

నా పక్కన నిలబడి ప్రయోగాలు చేసే స్నేహితురాలికి మాత్రం పుట్టుకతోనే ఏ వాసనా తెలియదు. ఆమెది గద్వాల. వాళ్ల నాన్న అక్కడ అత్తర్లు అమ్మేవారు. పండుగ పూట కొత్త అత్తరులో దూది ముంచి, మొదట కూతురి చెవి మడతలో పెట్టి "ఎట్లుంది బేటీ?" అని అడిగేవారట. ఈమె ఆయన ముఖం చూసి, "మస్తుంది బాబా" అనేదట.

"మీ నాన్నకు నిజం చెప్పెయ్యరాదే," అన్నాను ఒకసారి.

"ఆయన గంత ఇష్టంగ చేసేది నాకేం తెల్వదంటే, ఎంత బాధపడ్తడే!"

ల్యాబ్‌లో ఆమె పనితనం చూస్తే ముచ్చటేసేది, కొంచెం కుళ్లుగా కూడా ఉండేది. నేను ముక్కుతో పసిగట్టి జవాబు రాసేసేదాన్ని. ఆమె మాత్రం నాళిక మూతి దగ్గర పట్టిన రసాయన కాగితం రంగు మారేదాకా నమ్మేది కాదు. నా ముక్కు నన్ను చాలాసార్లు నిండా ముంచింది.

ప్రాక్టికల్ పరీక్షలో ఆమెకు సల్ఫైడ్ లవణం వచ్చింది. యాసిడ్ పోయగానే కుళ్లిన గుడ్ల కంపు గదంతా నిండింది. మేమంతా ముక్కులు మూసుకున్నాం. ఆమె మాత్రం ఆ వాయువు తగిలి కాగితం నల్లబడుతోందా లేదా అని పరీక్షనాళిక మీదికి వంగి చూస్తోంది. పరీక్ష పెట్టడానికి వచ్చిన సారు పరుగున వచ్చి ఆమెను వెనక్కి లాగారు.

"ఏందమ్మా, ముక్కు లేదా నీకు? అది విషం!"

"నాకు వాసన తెల్వదు సార్. పుట్టినప్పటి సంది తెల్వదు."

నాకు తప్ప ఎవరికీ చెప్పని మాట గదంతా విన్నది. కాగితం అప్పటికే నల్లగా మారింది. సారు దాన్నీ ఆమెనూ చూసి, "దూరంగ పట్టుకొని చెయ్యి బిడ్డా," అని మెల్లగా అన్నారు.

గదిలో గద్వాల పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల నోట నాన్న వినడం కన్నా తానే చెప్పాలనుకుంది. ఒంటరిగా ధైర్యం చాలక, కొద్ది రోజుల్లో వచ్చిన బక్రీద్‌కు నన్నూ తీసుకుపోయింది.

ఆ ఉదయం వాళ్ల నాన్న దూది తీయగానే చెప్పేసింది. ఆయన ముఖం వాడిపోయింది.

"మరి గిన్నేండ్లు మస్తుందంటివి గద బేటీ?"

"నువ్వు ఖుషీగ ఉంటుంటివి బాబా. నాకు గదే మస్తుండె."

ఆయన చేతిలోని దూదిని కొత్త అత్తరులో ముంచారు. తర్వాత ఆమె పక్కన కూర్చుని, దూది చెవిలో పెట్టి, ఇలా చెప్పారు.

"ఇయ్యాల తెచ్చింది జర సల్లగుంటది బేటీ. తొందరపడదు. ఎండల తిరిగొచ్చి, నీడకు కూసొని మంచినీళ్లు తాగినట్లుంటది."

ఆమె కళ్లు మూసుకుని విన్నది. "ఇప్పుడు తెల్సింది బాబా," అంది.

ఆయన నాకూ కొంచెం దూది ఇచ్చారు. ఆ అత్తరు ఎలా ఉందో నాకు తెలియనే లేదు. ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయింది.