పిడి తిరగని కెమెరా

అందరూ ఆవిడని చీకటమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది వాళ్ళ అన్నయ్యే. ఫొటోలు కడిగే చీకటి గదిలో సగం జీవితం గడిపేసిన మనిషి, బయటి వెలుగులోకి వస్తే చాలు కళ్ళు చికిలిస్తుంది. అది చూసి పెట్టాడు. చీకటంటే ఆవిడకి ఏనాడూ బెదురు లేదు. ఇప్పుడు మాత్రం పట్టపగలు, అన్నయ్య గదిలో, ఆయన కెమెరా ఒళ్ళో పెట్టుకుని వణికిపోతోంది.

అన్నయ్య పోయి నెల కూడా కాలేదు. బతికినన్నాళ్ళూ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసినా, ఆయనకి పేరొచ్చింది ఫొటోగ్రఫీ పత్రికలో రాసిన శీర్షికతోనే. కొత్తగా కెమెరా పట్టినవాళ్ళు పంపిన ఫొటోలు చూసి, ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే రాసేవాడు. "తాతగారి తల కోసేశారు. పాపం, ఆయన మీకేం అపకారం చేశారు?" అనేవాడు. "పెళ్ళికూతురు బాగుంది. ఆవిడ నెత్తిన మొలిచిన దీపస్తంభమే బాగోలేదు" అనేవాడు. ఎవరూ నొచ్చుకునేవారు కాదు సరికదా, ఆయన చేత చీవాట్లు తినడానికే ఫొటోలు పంపేవాళ్ళు కూడా ఉండేవారు. ఏం రాసినా తిరిగి తిరిగి ఒక్క మాట దగ్గరికి వచ్చేవాడు: ఫిల్ము ఎక్కించాక మీట లాగి చూడండి, ఎడమవైపు చిన్న పిడి కూడా తిరగాలి. తిరగలేదంటే లోపల ఫిల్ము పట్టుకోలేదన్నమాట. ఇక రోజంతా క్లిక్కుమనిపించినా ఒక్క బొమ్మ పడదు.

చివరిసారి ఆయన కెమెరాలో ఆ పిడి తిరగలేదు.

జబ్బు ముదిరి వేళ్ళు స్వాధీనం తప్పినా, ఫిల్ము తనే ఎక్కిస్తానని భీష్మించుకున్నాడు. ఎక్కించాడు. మీట లాగాడు. పిడి కదలకపోవడం పక్కనే ఉన్న చీకటమ్మ చూసింది, ఆయన చూడలేదు. అప్పుడే అనేస్తే పోయేది. కానీ అన్నయ్య ముఖంలో ఎన్నాళ్ళకో వెలుగు కనిపించింది. ఊళ్ళో అందరికీ పాఠం చెప్పిన మనిషితో నీకే పాఠం రాలేదని ఎలా అంటుంది? ఆయన నిద్రపోయాక సరిచేద్దాంలే అనుకుంది. నిద్రపోయాడు, కెమెరా గుండెల మీద పెట్టుకుని. చెయ్యి చాపిందో లేదో కళ్ళు తెరిచాడు.

"ఏం చీకటమ్మా, నా పని మీద నమ్మకం లేదా?" అని నవ్వాడు.

"దుమ్ము తుడుద్దామని అన్నయ్యా."

అంతే. పైగా వెనక మూత తెరిస్తే ఫొటోల అంకె సున్నాకి పడిపోతుంది, ఆయన ఇట్టే పట్టేస్తాడు. రోజులు గడిచేకొద్దీ చెప్పకుండా దాచిన ఆ మాట ఇంకా బరువెక్కింది. చూడవచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి ఫొటో తీశాడు. వదినని మరీ తీశాడు. తీసిన ప్రతిసారీ చీకటమ్మ కళ్ళు ఆ పిడి మీదికే పోయేవి. ఈసారైనా తిరుగుతుందేమో అని ఎంత పిచ్చి ఆశో చూడండి! పిడి జాలిపడుతుందా?

ఇప్పుడు పత్రికవాళ్ళు ఆయన జ్ఞాపకంగా ఒక సంచిక వేస్తున్నారు. పొద్దున సంపాదకుడు ఫోన్ చేశాడు.

"అమ్మా, మాస్టారి చివరి ఫిల్ము మీరే కడుగుతున్నారని విన్నాను. ఒక్క ఫొటో చాలు, అట్ట మీద వేసుకుంటాం" అన్నాడు.

ఆవిడ "సరే బాబూ" అని పెట్టేసింది. ఎందుకన్నానా అని అప్పట్నుంచీ మథనపడుతూనే ఉంది. నిజం చెబితే అన్నయ్య నలుగురిలో నవ్వులపాలవుతాడు. చెప్పకపోతే ఏం చూపిస్తుంది?

ఆ భయంలోంచే పాడు ఆలోచన ఒకటి పుట్టింది. ఫిల్ము ఒక్క బొమ్మా పడకుండా కొత్తదానిలాగే ఉంది. తనే సరిగ్గా ఎక్కించి, అన్నయ్య కూర్చునే పేము కుర్చీలోంచి, ఆయన పెట్టినట్టే కోణం పెట్టి తీస్తే? ఎవడు కనిపెడతాడు? ఎక్కించింది. మీట లాగింది. పిడి బుద్ధిగా తిరిగింది. దాన్ని చూసి ఆవిడకి ఏడుపొచ్చింది. కెమెరా కంటి దగ్గర పెట్టుకుని ఎదురుగా మంచం వైపు తిప్పేసరికి గుమ్మంలో వదిన ప్రత్యక్షమైంది.

చీకటమ్మ కెమెరా దించబోయింది. వదిన మాత్రం ఏమీ అడగలేదు. వచ్చి మంచం అంచున కూర్చుని, చెంగు సర్దుకుని, గడ్డం కాస్త ఎత్తింది.

"తియ్యి, ఆగావేం? మీ అన్నయ్య తీసినప్పుడూ ఇలాగే కూర్చునేదాన్ని."

చీకటమ్మ వేలు ఫొటో తీసే బొత్తాం మీద ఉంది. నొక్కితే పని అయిపోతుంది. నొక్కలేకపోయింది.

"వదినా, అన్నయ్య తీసినవి ఒక్కటీ పడలేదు. ఫిల్ము పట్టుకోలేదు. నాకు మొదటిరోజే తెలుసు."

వదిన గడ్డం మెల్లగా దిగింది. "అన్నీనా?"

"అన్నీ."

"తెలిసి నోట్లో ఏం పెట్టుకున్నావే?" అంది వదిన. ఆ గొంతు ఇంత పదునుగా చీకటమ్మ ఎప్పుడూ వినలేదు. కెమెరా ఎక్కడ జారిపోతుందోనని రెండు చేతులతో పట్టుకుంది.

వదిన కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. తర్వాత గొంతు తగ్గించి అంది: "ఒకరోజు కెమెరా ఎత్తి, నొక్కకుండా నన్నే చూస్తూ ఉండిపోయారు. ఏం చూస్తున్నారండీ అంటే, ఫొటో వచ్చాక నీకే తెలుస్తుందిలే అన్నారు. అది చూసుకోవాలనే ఇన్నాళ్ళూ కాచుకుని కూర్చున్నాను."

చీకటమ్మ కెమెరాని ఒళ్ళోకి దించుకుంది.

"పోనీలే. నువ్వు ఆయన పక్కనే ఉన్నావుగా" అంది వదిన, ముందుకు జరిగి ఆవిడ చెయ్యి పట్టుకుంటూ. "ఆయన నాలో ఏం చూశారో నువ్వూ చూసే ఉంటావు. ఎలా ఉన్నాను? నాకు చెప్పు. పత్రికవాళ్ళకీ అదే చెప్పు, ఫొటో లేకపోతే పోయింది."

చీకటమ్మ కళ్ళు మూసుకుంది. ఆ రోజు గుర్తుంది. కిటికీ తెరిచి ఉంది, అన్నయ్య ఊపిరి బరువుగా ఉంది. పిడి అంచున అరిగిన గీతలు, రంగు పోయి ఇత్తడి బయటపడ్డ చోటు, అన్నీ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తున్నాయి. వదిన ముఖం కోసం వెతికింది. మళ్ళీ వెతికింది. ఎక్కడా లేదు. అంతవరకూ పడిన భయమంతా ఒక ఎత్తు, ఇప్పుడు పుట్టింది ఒక ఎత్తు.

"నేను ఆ పిడినే చూస్తూ కూర్చున్నాను వదినా" అంది. "నిన్ను చూడలేదు."