వత్తి అయిపోయిన పువ్వు

మొన్న భీమవరంలో మనవరాలిని కాలేజీలో దింపి వస్తుంటే, ఎండగట్టిన చేపల చెరువు అడుగున, తెల్లటి నూగు కప్పుకున్న చిట్టి మొక్కలు కనిపించాయి. నా వయసు మర్చిపోయి ఆటో ఆపించి, కుచ్చిళ్లు ఎగదోపి గట్టు దిగిపోయాను; డ్రైవరు నవ్వుకుంటే నవ్వుకున్నాడు! పేరు ఇప్పటికీ తెలియదు, మేం దూదిపువ్వు అనేవాళ్లం.

డిగ్రీలో బోటనీ చదివిన నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది, పాతిక మొక్కలు ఎండబెట్టి అట్టలకు అంటించి ఇవ్వాలి, ఒక్కటి తగ్గినా లెక్చరరు గారు ఫైలు ముట్టుకోరు. నా పాతికోది ఈ పువ్వే. సార్వా వరి కోతలయ్యాక తడి ఆరుతున్న మా బాబాయి మడిలో దొరికితే, పేపర్ల మధ్య పెట్టి, పైన పీటా, పీట మీద నీళ్ల బిందే ఎత్తి, వారం రోజులు కాపలా కాశాను. రేపు ఫైలు ఇవ్వాలనగా, వసారాలో పరిచి స్నానానికి వెళ్లొచ్చేసరికి కాడలు మాత్రమే మిగిలాయి. చూపు ఆనని మా నాయనమ్మ ఆ నూగంతా గిల్లి, అరచేతిలో నలిపి, వత్తి చేసి దేవుడి దగ్గర వెలిగించేసింది!

"పత్తి అనుకున్నానే, నా మతి మండ!" అని ఆవిడ ఒకటే గొడవ.

ఆవిడతో వాదించే తీరిక ఎక్కడిది? ఆ పూట రెండో పంట దాళ్వాకి కాలువ నీళ్ల వంతు మాది, ఆ పూలున్న మడిని తడిపి దమ్ము చెయ్యడానికి బాబాయి తూము ఎత్తే ఉంటాడు. చెప్పుల్లేకుండా గట్ల వెంబడి ఎలా పరుగెత్తానో, ఎన్నిసార్లు జారానో, నేను చేరేసరికి నీళ్లు మడంతా పాకుతున్నాయి, పూలు నా కళ్ల ముందే ఒక్కొక్కటీ మునిగిపోతున్నాయి! మూలన మెరక మీద ఓ నాలుగు మాత్రం ఇంకా పొడిగా ఉన్నాయి.

"ఏంటమ్మా ఆ పరుగు, పడతావు!" అని కేకేసిన బాబాయి, ఏడుస్తూ నేను చెప్పింది విని, తూము దించేసి, పారతో ఆ మూలకి అడ్డంగా మట్టి వేశాడు. వేళ్లు తెగకుండా తనే తవ్వి, మట్టి దులిపి చేతిలో పెట్టాడు. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి అట్టకి అంటించేశాను, ఫైలు తీసుకున్నారు, పాసయ్యాను, ఆ సంబరానికి ఊరంతా తిరిగాను.

ఇప్పుడు ఆ మళ్లన్నీ రొయ్యల చెరువులు. నీళ్లకి వంతులూ లేవు, మోటారు మీట నొక్కితే చాలు. ఆ రోజు తూము దించడంతో మా వంతు కాస్తా దాటిపోయిందనీ, దమ్ము వెనకబడి, వేసవిలో కాలువలు కట్టేసే వేళకి బాబాయి చేను కంకి బయటపడకుండా పొట్ట మీదే ఎండిపోయిందనీ, నాకు ఆయన పోయాక పిన్ని చెబితే తెలిసింది.